తత్కాల్ వేళ ఎలుక వేషాలు

(విశాఖ లాసన్స్ బే కాలనీలో రెండో అంతస్తు. కిటికీలోంచి సముద్రం కనపడదు గానీ దాని ఉప్పు మాత్రం రోజూ ఇంటికొచ్చి పోతుంది. ఈ ఊళ్లో కిటికీ ఊచల రంగు రెండు వానాకాలాలు నిలిస్తే పెయింటర్‌కి శాలువా కప్పాలి. టైము పదీ నలభై. పదకొండుకి రేపటి రైళ్ల స్లీపర్ తత్కాల్ టికెట్లు తెరుస్తారు. ఆయన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఆవిడకి రిటైర్మెంట్ లేదు.)

ఆయన: ఇదిగో, మళ్లీ పారిపోయింది!

ఆవిడ: ఎవరండీ?

ఆయన: బాణం! రేపటి తారీఖు మీద పెడితే ఎల్లుండి మీదకి దూకింది.

ఆవిడ: నిన్న సాయంత్రమేగా ద్వారకానగర్ వెళ్లి కొత్త మౌసు తెచ్చారు?

ఆయన: తెచ్చాను. మూడొందల యాభై పోసి వైరు తోకున్నది తెచ్చాను. ఆ తోకలేనిది ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కాననుకునేది. లోపల స్విచ్చి రేకు పాడైతే అంతే. అందులోనూ మనది సముద్రగాలి.

ఆవిడ: మీ పన్ను ఊడినా సముద్రగాలే. అది సరే, ఆ చొక్కా నిన్నటిది కాదూ? ఉతుక్కి వేశాను, మళ్లీ తగిలించుకున్నారేం?

ఆయన: మాయలేదు. నువ్వు విషయం మార్చకు. తప్పు ఈ అద్దం బల్లది. మౌసు అడుగున చిన్న కెమెరా ఉంటుందోయ్. సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా చూసి, ఎటు జరిగామో లెక్కగడుతుంది. అద్దం మీద దానికి ఆనవాలు దొరకదు.

ఆవిడ: వెయ్యి ఫొటోలు తీసి ఒక్కటీ ఇవ్వదన్నమాట. అచ్చం మన పెళ్లి ఫొటోగ్రాఫరు.

(పేపరు మడిచి మౌసు కింద పెట్టారు. బాణం రెండు క్షణాలు బుద్ధిగా ఉండి, ఆయన నిట్టూర్చగానే పైకి పాకింది.)

ఆవిడ: పోనీ ఆ టచ్‌ప్యాడ్ వాడండి.

ఆయన: వేలు పెట్టకముందే పోతోంది!

ఆవిడ: పెసరట్టు తిన్న చెయ్యి తుడుచుకున్నారా? తడి వేలంటే దానికి తిక్కట, మనవడు చెప్పాడు. ఆ ఛార్జరు చూడండి, మూడు పిన్నులది తెచ్చి రెండు పిన్నుల ముక్కలో దూర్చారు. ఎర్త్ లేకపోతే బాణం వణుకుతుందట.

ఆయన: నాకు ఎర్త్ పాఠమా! ముప్పై ఏళ్లు రోలింగ్ మిల్లు నడిపినవాణ్ణి.

(అంటూనే ఛార్జరు పీకేశారు. మాట వినడం వేరు, విన్నట్టు కనపడటం వేరు.)

ఆయన: చూశావా? ఇది వణుకు కాదు, పరుగు!

ఆవిడ: అయితే ఆశీల్‌మెట్ట వెళ్లండి. కొత్త బండి కొన్నవాళ్లంతా సంపత్ వినాయగర్ గుడి ముందు పూజ చేయించుకుంటారు. మీదీ కొత్తదే. పైగా స్వామివారి సొంత వాహనం.

ఆయన: వేళాకోళమా? అసలు మొదటి మౌసు సంగతి తెలుసా నీకు? అమెరికాలో ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఆలోచన. 1964లో చెక్కతో చేశారు!

ఆవిడ: తెలివైనవాడు. చెక్కకి తుప్పు పట్టదు.

(పదకొండూ ఒకటి. గోదావరి ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఇద్దరి పేర్లూ ఎక్కించారు. ఆవిడ మోకాళ్ల కోసం కింది బెర్త్ కూడా అడిగారు.)

ఆవిడ: ఇంక కదలకండి. నాకు టెన్షన్‌గా ఉంది.

ఆయన: నేనుండగా నీకెందుకే భయం! (అని గుండె మీద ఒక్కటి చరుచుకున్నారు.)

ఆవిడ: అయ్యో! నా పేరేదీ?

ఆయన: ఇప్పుడే ఉందే!

ఆవిడ: తీసేశారు! కొడుకింటికి ఒక్కరే పోదామని కదూ?

ఆయన: నా చేతులు రెండూ ఇక్కడున్నాయి, చూడు! ఇది ఆ కొట్టువాడి మోసం. ఇప్పుడే వెళ్లి అడుగుతాను. (విసురుగా లేచి గుమ్మం వైపు నడిచారు.)

ఆవిడ: ఆగండి.

ఆయన: ఆగను.

ఆవిడ: కాదు, ఆగండి. మీరు నడుస్తుంటే బాణం కూడా నడుస్తోంది. ఆ... ఆగింది. ఒకసారి దగ్గండి.

ఆయన: ఎందుకూ?

ఆవిడ: దగ్గమన్నానా!

(దగ్గారు. బాణం ఎగిరిపడింది.)

ఆవిడ: ఊపిరి బిగబట్టండి. ఆ, నిలబడింది. వదలండి. కదిలింది!

ఆయన: నా ఊపిరికీ దానికీ సంబంధం ఏమిటే? నాకేమైనా అయిందా? డాక్టరు దగ్గరికి...

ఆవిడ: ఏమండీ, మీ గుండెలో ఎర్రలైటు వెలుగుతోంది.

(ఆయన జేబు చిన్న సైజు బీరువా. కళ్లజోడు పెట్టె, రెండు పెన్నులు, కరెంటు బిల్లు, ఆర్నెల్ల కిందటి మందుల చీటీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఖర్న తోకలేని పాత మౌసు, అడుగున ఎర్రగా మెరుస్తూ.)

ఆయన: ఇది... కొట్టువాడికి నమూనా చూపిద్దామని పట్టికెళ్లాను.

ఆవిడ: దీని సిగ్నల్ అందుకునే గోరంత ముక్క ల్యాప్‌టాప్ పక్కన ఇంకా గుచ్చే ఉంది. రాత్రంతా చొక్కాతోపాటు ఉతుకు బుట్టలో పడుకుని, పొద్దున్న మీ గుండెకెక్కింది. కొత్తది ఇటు లాగుతుంటే ఇది అటు లాగింది. కురుసుర సబ్‌మెరీన్ బీచ్ ఒడ్డున ఉందనుకున్నాను, అది మీ జేబులోనే ఉంది!

ఆయన: అందుకే ఉతుక్కి వేసేముందు జేబులు చూడాలి.

ఆవిడ: తప్పు నాదేనా!

(పదకొండూ ఆరు. ఆవిడ కుర్చీ లాక్కుని పేర్లు మళ్లీ కొట్టారు. వెయిటింగ్ లిస్టు పద్నాలుగు.)

ఆయన: ఈ దరిద్రాన్ని ఇప్పుడే చెత్తబుట్టలో పారేస్తాను.

ఆవిడ: స్విచ్చి ఆపి పారేయండి. లేకపోతే చెత్తబండి గతుకుల్లో పడ్డప్పుడల్లా ఇక్కడ నా పేరు ఎగిరిపోతుంది.

ఆయన: పిచ్చిదానా, పది మీటర్లు దాటితే అది పనిచేయదు.

ఆవిడ: అలాగా? అయితే మీరూ అంత దూరంలో కూర్చోండి. బస్సు టికెట్లు నేను చూస్తాను.