ఐదుతో భాగిస్తే సరిపోదు

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే ఆ కదలిక హైదరాబాద్, విజయవాడల దాకా తెలిసింది. నాలుగు రోజులు అందరికీ టెన్షన్. ఆ తర్వాత మళ్లీ పాత పద్ధతిలోనే స్లాబులు వేస్తున్నారు.

విజయవాడలో కింద పార్కింగ్, పైన మూడంతస్తులున్న అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకుందాం. బరువు 500 టన్నులు అనుకుందాం. భూకంపాలను తట్టుకునే భవనాల డిజైన్‌కు దేశమంతటికీ ఉన్న ప్రమాణం ఐఎస్ 1893. 2016 నాటి ఆ కోడ్‌లో ఆ ఊరు భూకంప ముప్పును బట్టి మూడో జోన్, ఆ జోన్ గుణకం 0.16. అందులో సగాన్ని, ఇంత ఎత్తు భవనాలకు వర్తించే 2.5తో హెచ్చిస్తే 0.20. అంటే భవనం బరువుకు 0.20 వంతు, భూకంపం పక్కకు నెట్టే బలం 100 టన్నులు. ఇంజినీరు మాత్రం దాన్ని 5తో భాగించి 20 టన్నులకే డిజైన్ చేస్తాడు. ఇందులో తప్పేమీ లేదు, కోడే ఆ వెసులుబాటు ఇచ్చింది. పెద్ద కుదుపు వస్తే ఇనుము సాగుతుంది, గోడలు పగులుతాయి, బీములు దెబ్బతింటాయి, అయినా మనుషుల మీద కూలదన్న నమ్మకంతో ఇచ్చింది.

ఆ నమ్మకాన్ని నిలబెట్టేవి పిల్లర్లలో నిలువు కడ్డీలను చుట్టి పట్టే ఇనుప రింగులు. బీము కలిసే చోటికి పైనా కిందా అవి 100 మిల్లీమీటర్లకు మించి ఎడం ఉండకూడదని, రింగు చివరి కొక్కేన్ని 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దించాలని ఇనుము అమరిక గురించిన మరో కోడ్ ఐఎస్ 13920 చెబుతోంది. మన సైట్లలో తరచూ కనిపించేది 90 డిగ్రీల వంపు, ఆరంగుళాలకో ఎనిమిదంగుళాలకో ఒక రింగు. కుదుపుకు పైపొర రాలగానే అలాంటి కొక్కెం విచ్చుకుంటుంది. ఇక 5తో భాగించే హక్కు ఆ పిల్లరుకు ఎక్కడిది?

బరువు లెక్కా అంతే. ఇంట్లో చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు బరువు (మనుషులు, సామాన్లు) అనుకుంటే, భూకంపం లెక్కలో అందులో పావు వంతు, 50 కిలోలే చేరుతుంది. అదే అంతస్తును బట్టల షాపుగా మారిస్తే 400 కిలోల్లో సగం, 200 కిలోలు చేరాలి. అనుమతి లేకుండా పైన వేసే పెంట్‌హౌస్ ఇంకా ప్రమాదం. ఎత్తు పెరిగేకొద్దీ ఆ అంతస్తు వాటాకు వచ్చే బలం ఎత్తు వర్గానికి (ఎత్తును ఎత్తుతో హెచ్చించగా వచ్చేదానికి) తగ్గట్టు పెరుగుతుంది.

2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో, కింద గోడల్లేకుండా పార్కింగ్‌కు వదిలినవి ఎన్నో ఉన్నాయి. పైన ఇటుక గోడల బిగువు, కింద ఉత్త పిల్లర్లు. మన కాలనీల్లో ఇప్పుడు ఏ వీధి చూసినా ఆ నమూనాయే.

అందుకే మున్సిపాలిటీలను గట్టిగా కోరుతున్నాం. ప్లాన్‌తో పాటు ఈ లెక్క కాగితాన్ని తప్పనిసరి చేయండి. డిజైన్ చేసిన ఇంజినీరు సైటుకు వచ్చి, రింగులు చూసి సంతకం పెట్టనిదే పిల్లర్లకు కాంక్రీటు పోయనివ్వకండి. ఇల్లు కట్టించుకునేవారికీ ఒక విన్నపం: సెంట్రింగ్ పలకలు బిగించక ముందే ఒకసారి వెళ్లి కొక్కేలు ఎటు వంగాయో చూడండి. బిగించాక చూడటానికి ఏమీ మిగలదు.