మాలో రెండో పెళ్లి అంత తేలికేం కాదు

మా విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ముస్లింలలో విడాకులైనా, భర్త పోయినా ఆడవాళ్లకు మళ్లీ పెళ్లి ఇట్టే అయిపోతుందని, పిల్లలున్నా అడ్డు కాదని దాని సారాంశం. చేసుకుంటే మాత్రం మొదటి భర్త ఆస్తిలో వాటా, మహర్ (నిఖాలో భర్త భార్యకిస్తానని ఒప్పుకునే సొమ్ము) వదులుకోవాలని కూడా రాశారు.

మతం ఒప్పుకుందన్నది నిజం. ప్రవక్తను పెళ్లాడేనాటికి ఖదీజా వితంతువు. మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన ఇద్దత్ గడువు భర్త పోతే 4 నెలల 10 రోజులు, విడాకులైతే 3 నెలసరులు, గర్భంతో ఉంటే కాన్పు దాకా. అది దాటాక ఆమె తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చు.

కానీ సంబంధం కుదరాలి కదా! మా ఖాలాకు (అమ్మ తోబుట్టువుకు) 31వ ఏట తలాఖ్ అయింది. ఆమె మాజీ భర్తకు ఏడాది తిరక్కుండానే పెళ్లికాని పిల్లనిచ్చి నిఖా చేశారు. ఖాలాకు వచ్చిన మొదటి సంబంధం 58 ఏళ్లాయనది. ఆయన అక్కగారు చాయ్ తాగుతూనే, "పాపని అమ్మమ్మ దగ్గరే ఉంచేస్తారుగా?" అని అడిగేసింది. ఖాలా బిస్కెట్ల పళ్లెం అక్కడే పెట్టి లోపలికెళ్లి, పాప స్కూలు బ్యాగు సర్దుతూ కూర్చుంది. మళ్లీ బయటికి రాలేదు. ఈ జిల్లాలో మేమున్నదే కొద్దిమంది. ఇంకో సంబంధం కావాలంటే విశాఖో, బరంపురమో వెళ్లి వెతకాలి.

పిల్లను లాక్కుంటారన్న భయం ఒకటి. తల్లి బిడ్డకు దగ్గరి బంధువు కానివాణ్ణి చేసుకుంటే బిడ్డపై ఆమె హక్కు సడలుతుందని హనఫీ అనే ముస్లిం న్యాయ పద్ధతిలో ఉన్నమాట నిజమే. అయితే కోర్టుకెళ్తే 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద బిడ్డ బాగోగులే ముందు చూస్తారు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వాటా పోతుందన్న మాట. అది శుద్ధ అబద్ధం. భర్త ఆస్తిలో పిల్లలుంటే 1/8, లేకపోతే 1/4 భార్యది. ఆయన చనిపోయినప్పుడే అది ఆమెదైపోయింది, నిఖా చేసుకుంటే పోదు. మహర్ ఆయన బాకీ, పంపకాలకు ముందే తీర్చాలి. మళ్లీ పెళ్లాడితే వాటా పోయే నిబంధన 1856 హిందూ వితంతు వివాహ చట్టంలో ఉండేది, మా షరియత్‌లో లేదు. విడాకులైన ఆమెకైతే భవిష్యత్తుకు సరిపడా ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలని 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే నిజంగా ఆగిపోయేది ప్రభుత్వమిచ్చే వితంతు పింఛను.

మా వీధిలో ఒకామెకు మంచి సంబంధమే వచ్చింది. వాటా పోతుందని బావగారు చెప్పిన మాట నమ్మి రెండేళ్లుగా వద్దంటోంది. ఈ మెసేజ్ ఆమె ఫోన్‌కూ వచ్చింది.