టెక్సాస్ బావ తుపాకి కొంటున్నాడు, కాస్త నిశ్శబ్దం

సంక్రాంతికి నెల్లూరు వచ్చే అమెరికా బావలు ఒకప్పుడు స్థలాల రేట్లు అడిగి ప్రాణం తీసేవాళ్లు. ఇప్పుడు వాళ్లకి అంతకంటే గొప్ప విచారం పట్టుకుంది. పిస్టల్ తూటా పేల్చే కార్బైన్లలో ఏది కొనాలి? చూడ్డానికి రైఫిలే, లోపల పడేది మాత్రం పిస్టల్ తూటా. మాగుంట లేఅవుట్ ప్రజానీకం ప్రస్తుతం ఈ ప్రశ్నతోనే నిద్ర పోవడం లేదని గమనించగలరు.

మొన్న మా ఇంట్లో చేపల పులుసు వడ్డించగానే బావ అందుకున్నాడు. "9 ఎంఎం సైజు అయితే తూటా చవక, రీకాయిల్, అంటే పేల్చగానే వెనక్కి తన్నేది, తక్కువ మామయ్యా. .45 సైజు అయితే దెబ్బ గట్టిది."

ముల్లు తీసుకుంటున్న మా నాన్న "ఊఁ" అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

"నా గ్లాక్ పిస్టల్లో తూటాలు పెట్టే మ్యాగజీనే రూగర్ కంపెనీ కార్బైన్‌కీ పట్టేస్తుంది. బ్యారెల్ 16 అంగుళాలు. అంతకు తగ్గితే మా దగ్గర వేరే కాగితాలు కావాలి. వంద గజాల్లోపు తిరుగులేదు!"

వంద గజాలంటే ఎంతని అమ్మ అడిగింది. వీధి చివర పాల కేంద్రం దాకా అన్నాడు నాన్న.

"అక్కడ ఎవర్ని కాల్చాలి నాయనా?"

దానికి బావ దగ్గర జవాబు లేదు గానీ, 1873 నాటి వించెస్టర్ రైఫిల్ కథ ఉంది. దాని తూటాకే తర్వాత కోల్ట్ వాళ్లు రివాల్వర్ చేశారట, మనిషికి రెండు రకాల తూటాలు మోసే బాధ తప్పిందట. పులుసు చల్లారింది. ఒంగోలు గిత్త పళ్లు చూసి కొనే రైతు కూడా ఇంతసేపు నానబెట్టడు.

ఇక్కడ 9 ఎంఎం నిషేధిత బోరు (తుపాకి గొట్టం సైజు), మామూలు మనిషికి లైసెన్సు రాదు. ఉన్న పాత డబుల్ బ్యారెల్‌ని కూడా ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పమంటారు. బావ దృష్టిలో ఇదంతా మన వెనకబాటుతనం. "అక్కడ సేఫ్టీకి తప్పదు మామయ్యా" అని జాలిపడ్డాడు.

ఎవరి సేఫ్టీ బావా? బీరువాలో తాళం వేసుకునే నీదా? అప్పు చేసి ఎంఎస్‌కి వెళ్లి, ఖర్చులకని రాత్రిపూట గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడిన మన పిల్లల్ని తుపాకులే కదా చంపింది! శవాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి చందాలు అడుక్కున్న ఇళ్లు మన తెలుగువాళ్లలో లేవా? నువ్వూ వంద డాలర్లు వేసి, గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టావు కదా. అలాంటి ఇంటికి ఒకసారి వెళ్లు. ఆ తల్లి ఎదురుగా కూర్చుని చెప్పు, రీకాయిల్ తక్కువని.

.45 సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.