ధూపం మానేస్తే తెర ఎందుకు?

బ్రిటన్‌లో పల్లె చర్చి అంటే బోసి గోడలు, నాలుగు పాటలు, ఆఖర్న టీ బిస్కెట్టు అనుకునేవాళ్ళు కార్న్‌వాల్‌లోని బ్లిస్లాండ్ దాకా వెళ్ళి రావాలి. బాడ్మిన్ మూర్ అంచున గ్రానైట్ చర్చి. లోపల స్తంభాలు ఒరిగి ఉంటాయి, చూస్తే గుబులు పుడుతుంది. బలిపీఠానికి ముందు అడ్డంగా, వాస్తుశిల్పి ఎఫ్.సి. ఈడెన్ 1890లలో చేయించిన కొయ్యతెర, ఒళ్ళంతా రంగులు, బంగారు పూత. పైన సిలువ మీద యేసు, అటూ ఇటూ మరియ, యోహాను.

ఫొటో తీసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. ఆ తెర అవతల జరిగే పూజ కోసమే తెర. ఇంగ్లాండ్ ఆంగ్లికన్ చర్చిలోకి పాత కాథలిక్ పూజా పద్ధతుల్ని మళ్ళీ తేవాలన్న ఆంగ్లో-కాథలిక్కుల ఉద్యమం 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. అది పెరిగి పెద్దదై, దీపాలకీ ధూపానికీ పూజవస్త్రాలకీ కోర్టుల దాకా వెళ్ళింది. ఆర్థర్ టూత్ అనే ఫాదర్ 1877లో జైలుకే వెళ్ళాడు. అందుకే "ధూపం వల్ల చర్చి పాడవుతుంది, పొగ మానేద్దాం, కట్టడం కాపాడుకుందాం" అనే వాదన నాకు మింగుడుపడదు.

పొగతో వచ్చే తంటాలు చాలావరకు చేతకాక వచ్చేవే. పూజకు పది నిమిషాల ముందు బొగ్గుబిళ్ళని పట్టకారుతో పట్టి అంచు అంటించాలి. పైన బూడిద కమ్మాకే సాంబ్రాణి, అదీ అరచెంచా. తొందరపడితే బొగ్గు ఆరుతుంది, గుప్పెడు పోస్తే మాడు కంపు, వరుసంతా దగ్గులు. వెంటనే అంటుకునే బిళ్ళల్లో సూరేకారం ఉంటుంది, అది చెమ్మ పీలుస్తుంది. చర్చి బీరువాలో ఓ చలికాలం వదిలేస్తే ఇక అంటుకోదు, బిగుతు మూత డబ్బాలో పెట్టాలి. మిగిలిన నిప్పు ఇసుక బకెట్లోకే.

తెరకి అసలు శత్రువు హీటర్. వారమంతా చల్లబడిన చర్చిని ఆదివారం రెండు గంటలు భగ్గుమనిపిస్తే, వెచ్చటి తడిగాలి చల్లటి రాతిని తాకి నీరౌతుంది. కొయ్య ముడుచుకుంటుంది, మళ్ళీ ఉబ్బుతుంది. దాంతో పాటు సాగలేని రంగు పెచ్చులు లేస్తుంది. బెంచీల కింద చిన్న హీటర్లు చాలు, వాటికీ డయోసిస్ (బిషప్ పరిధిలోని చర్చి యంత్రాంగం) నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి తీసుకోవాలనుకోండి. రాళ్ళ సందుల్లో సిమెంటు కొట్టడం ఇంకో పాపం. సున్నం గచ్చు తడిని బయటికి పోనిస్తుంది, సిమెంటు గోడలోనే బంధిస్తుంది.

నంద్యాల వైపువాళ్ళకి ఇదేం పరాయి గొడవ కాదు. 1947లో ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ మరికొందరూ కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)గా ఏర్పడినప్పుడు, బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లను ఉన్నపళంగా చేర్చుకోవడమేమిటని ఇంగ్లాండ్‌లో గట్టిగా అడ్డుపడింది ఈ ఆంగ్లో-కాథలిక్కులే. నంద్యాల ప్రాంతంలో చాలా ఆంగ్లికన్ సంఘాలు అప్పట్లో అందులో చేరకుండా విడిగా ఉండిపోయాయి.

ఇలాంటి చర్చికి వెళ్తే పూజవేళకే వెళ్ళండి. పెట్టెలో ఐదు పౌండ్లు వేసేటప్పుడు పక్కనున్న గిఫ్ట్ ఎయిడ్ కవరు కూడా నింపండి. మీరు బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళైతే అక్కడి ప్రభుత్వం ఇంకో పౌండుంబావు కలుపుతుంది.