కబురు అందుకుని కదలని 4127 గారికి

4127 గారికి,

నమస్కారాలు. లైనక్స్ సర్వర్లో 4127 నంబరుతో నడుస్తున్న ప్రోగ్రామ్ మీరు. రాత్రి పదకొండున్నరకి మీకు మొదటిసారి కిల్ కమాండ్ కొట్టాను. ఏ సిగ్నల్ (కబురు) పంపాలో నంబరేమీ ఇవ్వలేదు కాబట్టి వెళ్ళింది 15, అంటే టర్మ్. "సర్దుకుని బయల్దేరండి" అనే మర్యాద కబురు. (దానికి కిల్ అని పేరు పెట్టారు గానీ, పాపం, చేసేది కబుర్లు మోసే పనే.) మీరు కదల్లేదు. మళ్ళీ కొట్టాను. దున్నపోతు మీద వాన.

చెవుడేమోనని మీ జాతకం తెరిచాను. /ప్రాక్/4127/స్టేటస్ ఫైల్లో 'సిగ్'తో మొదలయ్యే వరసలు. సిగ్‌బ్లాక్ నిండా సున్నాలే, అంటే తలుపు గడియ వేసుకోలేదు. సిగ్‌ఇగ్నోర్‌లో 1000. అది 13వ సిగ్నల్, అవతలివాళ్ళు వెళ్ళిపోయి పైపు తెగితే వచ్చేది. సర్వర్లు దాన్ని పట్టించుకోకపోవడం మామూలే, పోనీండి. ఇక సిగ్‌కాట్ (మీరు అందుకునే కబుర్లు) దగ్గర 0000000000004002. అర్ధరాత్రి కుడి నుంచి వేళ్ళమీద లెక్కపెట్టాను, అంకెకి నాలుగు సిగ్నళ్ళ చొప్పున, 1, 2, 4, 8 వరసలో. చివరి 2 అంటే రెండోది, కంట్రోల్-సీ నొక్కితే వచ్చేది. నాలుగో అంకెలో 13 నుంచి 16 దాకా ఉంటాయి, అక్కడ 4 ఉందంటే మూడోది, 15.

అంటే కబురు అందుకుంటానని మీరే రాసిచ్చారన్నమాట! అందుకుని ఏం చేస్తారన్నది మాత్రం ఆ ఫైల్లో ఉండదు.

ఎస్‌ట్రేస్ అనే, మీరు సిస్టమ్‌తో ఆడే ప్రతి మాటా చూపించే పనిముట్టు తగిలించి మూడోసారి కొట్టాను. అప్పుడు చూశాను మీ వైభవం. టర్మ్ వచ్చింది. లాగ్‌లో "షట్‌డౌన్ మొదలైంది" అని ఒక ముక్క రాశారు. సిగ్‌రిటర్న్ అన్నారు, అంటే కబురు పని అయిపోయిందని. వెళ్ళి మళ్ళీ ఈపోల్-వెయిట్‌లో కొత్త పని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. అర్జీ తీసుకుని, ముద్ర కొట్టి, రసీదు చేతిలో పెట్టి, కాగితాన్ని కట్ట కిందకి తోసేసే గుమాస్తా కూడా ఇంత నున్నగా చెయ్యలేడు. లాగ్ నిండా అవే రసీదులు. ఆ లెక్కన మీరు ఈ నెల్లోనే పదకొండుసార్లు షట్‌డౌన్ అయ్యారు.

చివరికి 9, అంటే తప్పించుకోలేని సిగ్నల్, కొట్టాల్సి వచ్చింది. దానికి మీ అంగీకారం అక్కర్లేదు. అందుకుంటానన్నా సిస్టమ్ గుండెకాయ కెర్నల్ ఒప్పుకోదు. క్షణంలో పోయారు.

పోయారు సరే, లాక్ ఫైల్ (నడుస్తున్నానని మీరు పెట్టుకున్న గుర్తు) తీసేసే తీరిక మీకు లేకపోయింది. ఇప్పుడు కొత్తగా వచ్చినవారిని లేపుతుంటే, "4127 ఇప్పటికే నడుస్తోంది" అని గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోతున్నారు.

ఇట్లు,
కబురు అందినప్పుడు నడిచే మీ హ్యాండ్లర్‌లో ఆ ఒక్క లాగ్ లైను రాసి, కింద "మిగతాది సోమవారం" అని కామెంట్ పెట్టిన వాణ్ణి