ఆ 310 మెగాహెర్ట్జ్ ఎవరూ దాచలేదు

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజి. పంపేవాళ్లలో సైన్సు మాస్టార్లు కూడా ఉన్నారు, అదీ బాధ. అందులో ఉన్నవి నాలుగు మాటలు: జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో దాచిన యాంటీమేటర్ (మామూలు పదార్థానికి ఎదురు ఆవేశాలతో ఉండే ప్రతిపదార్థం, రెండూ కలిస్తే నశిస్తాయి) లీకైతే ఊళ్లు లేచిపోతాయట, అది కిందికి కాక పైకి పడుతుందట, హైడ్రోజన్‌కీ దాని ప్రతిరూపమైన యాంటీహైడ్రోజన్‌కీ ఫ్రీక్వెన్సీలో 310 మెగాహెర్ట్జ్ తేడా దొరికితే శాస్త్రవేత్తలు దాచేశారట, క్యాన్సర్ వంటివి వెతికే పెట్ స్కాన్‌లో ఒంట్లోకి ఎక్కించేది ఆ యాంటీమేటరే గనక చేయించుకోకూడదట.

పేలుడు లెక్క తప్పు కాదు. ఒక గ్రాము యాంటీమేటర్ మామూలు పదార్థంతో కలిస్తే 43 కిలోటన్నుల టీఎన్‌టీకి సమానం. ఆ గ్రాము ఎక్కడుంది? సెర్న్‌లో ఇన్నేళ్లుగా చేసిన యాంటీప్రోటాన్లన్నీ కూడదీసినా లెక్క నానోగ్రాముల్లోనే, అంటే గ్రాములో నూరుకోట్లో వంతుల్లోనే.

పైకి పడడం సంగతి 2023లోనే తేలిపోయింది. సెర్న్‌లోని ఆల్ఫా బృందం ఆల్ఫా-జి ప్రయోగంలో యాంటీహైడ్రోజన్‌ని వదిలితే కిందికే పడింది.

అసలు విషం మూడో మాటలో ఉంది. అంకెలు నిజమైనవి కాబట్టి చదివినవాళ్లు కూడా నమ్ముతున్నారు. ఎలక్ట్రాన్ 1ఎస్ అనే అట్టడుగు శక్తి మట్టం నుంచి 2ఎస్ అనే తర్వాతి మట్టానికి ఎక్కే ఫ్రీక్వెన్సీ హైడ్రోజన్‌కి 2466061413187 కిలోహెర్ట్జ్. ఆల్ఫా బృందం 2018లో యాంటీహైడ్రోజన్‌కి ఇచ్చింది 2466061103079.4. తీసేస్తే 310 మెగాహెర్ట్జ్ వస్తుంది. వస్తుంది, కానీ ఆ రెండూ ఒకే వర్ణపట గీతకి, అంటే ఒకే జంట మట్టాల మధ్య ఎక్కుడుకి, చెందిన అంకెలు కావు.

ఎలక్ట్రాన్, ప్రోటాన్‌లకి ఉండే స్పిన్ అనే తిరుగుడు గుణం వల్ల 1ఎస్ మట్టం 1420.4 మెగాహెర్ట్జ్ ఎడంతో రెండుగా చీలుతుంది. 2ఎస్ చీలిక 177.6 మాత్రమే. పైన చెప్పిన హైడ్రోజన్ అంకె ఈ చీలికల సగటు, అందులో పై మట్టానికి మూడింతల తూకం. ఆల్ఫా కొలిచింది 1ఎస్ చీలికలో పై మట్టం నుంచి 2ఎస్ చీలికలో పై మట్టానికి ఎక్కే ఒక్క గీత. పై మట్టం సగటు కంటే చీలికలో నాలుగోవంతు ఎత్తులో ఉంటుంది: 1ఎస్‌లో 355.1, 2ఎస్‌లో 44.4. ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి. 310.7 మెగాహెర్ట్జ్! అందులో 0.6ని, యాంటీహైడ్రోజన్‌ని గోడకి తగలకుండా పట్టి ఉంచే ఉచ్చులోని ఒక టెస్లా అయస్కాంత క్షేత్రం తగ్గించింది. పలాసలో ఒకరు జీడిపిక్కల్ని గోనెతో తూచి, ఇంకొకరు గోనె తీసి తూచి, మధ్యలో పిక్కలు ఎవరో దొంగిలించారని కేకలేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పోల్చాల్సింది ఇలా. అదే క్షేత్రంలో హైడ్రోజన్‌కి అదే గీత లెక్కగడితే చివరి అంకెలు 103080.3 కిలోహెర్ట్జ్. యాంటీహైడ్రోజన్‌కి కొలిస్తే 103079.4, అటూ ఇటూ 5.4. అంటే లక్ష కోట్లలో రెండు వంతుల దాకా సీపీటీ సౌష్టవం, అంటే పదార్థానికీ ప్రతిపదార్థానికీ గీతలు ఒకేలా ఉండాలనే నియమం, నిలబడింది.

ఆ కొలత ఊరికే రాలేదు. ఉచ్చు లోతు అర కెల్విన్, అంటే అతి శీతలమైన పరమ శూన్యానికి అర డిగ్రీ పైన. అంతకంటే వేడిగా పుట్టిన పరమాణువులు జారిపోతాయి. 243 నానోమీటర్ల లేజర్‌ని ఎదురెదురుగా పంపి, ఒక్కో వైపు నుంచి ఒక్కో ఫోటాన్ మింగేలా చేస్తే పరమాణువు కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే డాప్లర్ జరుగుడు కొట్టుకుపోతుంది. 2ఎస్‌కి ఎక్కినదాంట్లో చాలావరకు మూడో ఫోటాన్ తగిలి చెదిరిపోయో, స్పిన్ తిరగబడో ఉచ్చు దాటి గోడకి తగిలి నశిస్తుంది. అప్పుడు పుట్టే పయాన్లనే కణాల్ని చుట్టూ ఉన్న సిలికాన్ డిటెక్టర్ లెక్కపెడుతుంది. లేజర్ ఫ్రీక్వెన్సీ కొద్దిగా తప్పితే ఆ లెక్క పడిపోతుంది. ఇందులో దాచడానికి ఏముంది?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. హైడ్రోజన్‌కి ఇదే ఫ్రీక్వెన్సీ పదిహేనో అంకె దాకా తెలుసు, యాంటీహైడ్రోజన్‌కి 2018 కొలతలో పన్నెండో అంకె దాకానే. ఆ మూడు అంకెల చీకట్లో తేడా ఉండొచ్చు. లోకంలో పదార్థమే ఎందుకు మిగిలిందో ఇంకా తేలలేదు గనక ఉంటే బాగుండునని నాకూ ఉంది. అది దొరికితే కొలతలోంచి దొరకాలి, ఫార్వర్డ్‌లోంచి కాదు.

ఇక పెట్ స్కాన్. ఒంట్లో పాజిట్రాన్లు, అంటే ఎలక్ట్రాన్‌కి ప్రతికణాలు, పుడతాయన్నది నిజమే. సూదిలో ఎక్కించేది ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర, సుమారు 10 మిల్లీక్యూరీలు. ప్రతి పాజిట్రాన్ సుమారు మిల్లీమీటరు దూరం వెళ్లి ఎలక్ట్రాన్‌తో కలిసి నశిస్తుంది; పుట్టిన రెండు 511 కేఈవీ గామా కిరణాల్ని మిషన్ పట్టుకుంటుంది. ఆ డోసు పూర్తిగా నశించినా వెలువడే శక్తి అర జౌలు చిల్లర, కోడిగుడ్డుని మీటరు ఎత్తడానికి చాలేంత. గంటా యాభై నిమిషాలకోసారి డోసు సగమవుతుంది.

రేడియేషన్ ఉంది, 7 మిల్లీసీవర్ట్‌ల దాకా, సీటీ భాగం దానికి అదనం. గర్భిణులు ముందే చెప్పాలి. పరగడుపున, షుగరు అదుపులో ఉంచుకుని వెళ్లాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి విశాఖకి స్కాన్‌కి వెళ్లేవాళ్లు భయపడాల్సింది యాంటీమేటర్‌కి కాదు. సీటీకి అయోడిన్ మందు ఎక్కిస్తారా అని అడగండి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేత్తో పట్టుకెళ్లండి.