గేమింగ్ పీసీ కొటేషన్‌లో పూర్తి మోడల్ నంబరు లేకపోతే డబ్బు ఇవ్వకండి

‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, పాతిక వేలకే గేమింగ్ పీసీ’ అనే ప్రకటన కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందులో అబద్ధమని పట్టుకోవడానికి ఒక్క మాట కూడా దొరకదు కాబట్టి ఇంకా మండుతుంది. ప్రాసెసర్ ఐ7 అన్నది నిజమే, కానీ అది ఇంటెల్ 2011లో విడుదల చేసిన ఐ7-2600. కార్డుకు 4 జీబీ మెమరీ ఉన్నదీ నిజమే, కానీ అది 2014 నాటి జీటీ 730. దానికి కొత్త గేమ్ డ్రైవర్లు (కార్డు కొత్త గేములను సరిగ్గా నడపడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) రావడం 2021లోనే ఆగిపోయింది. ఆ ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాతిక వేలు పోసి కొన్న పెట్టె ఇంటికి వచ్చిన రోజునే ముసలిదై ఉంటుంది.

లక్షన్నర పెట్టేవాడిని ఇలా ఏమార్చడం కష్టం. అతడు పది వీడియోలు చూసి, నలుగురిని అడిగి వస్తాడు. ఒకవేళ ఒక భాగం తప్పుగా కొన్నా మరోటి కొనుక్కోగలడు. యాభై వేలో అరవై వేలో కూడబెట్టుకుని వచ్చినవాడికి ఆ వెసులుబాటు లేదు. పిల్లవాడికి ఇంజనీరింగ్ సీటు వచ్చిందని చిట్టీ పాడి డబ్బు తెచ్చిన తండ్రికి ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 గొప్పదన్న సంగతి ఒక్కటే తెలుసు. ఆ ఒక్క నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. ఐ7-2600కు ఉన్నవి నాలుగు కోర్లు (పనిచేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కూ అంతే. కానీ ఒక్కో కోరు చేసే పనిలో ఈ ఐ3 ఆ ఐ7 కంటే దాదాపు రెట్టింపు వేగం. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు.

చిన్న దుకాణాలను మాత్రమే తిట్టి ఊరుకుంటే అన్యాయమవుతుంది. కార్డులు తయారుచేసే పెద్ద కంపెనీలే ఈ దారి వేశాయి. జీటీ 1030 అని 2017లో ఒక కార్డు వచ్చింది. మరుసటి ఏడాది అదే పేరుతో, వేగంగా ఉండే జీడీడీఆర్5 మెమరీ తీసేసి నెమ్మదైన మామూలు డీడీఆర్4 పెట్టి ఇంకోటి వదిలారు. మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ ఇచ్చిపుచ్చుకోగల సమాచారం, సెకనుకు 48 జీబీ నుంచి 17 జీబీ లోపుకు పడిపోయింది. పెట్టె మీద పేరు మారలేదు. ఆర్టీఎక్స్ 3050 సంగతీ అంతే. 2022 నాటి 8 జీబీ కార్డులో 2560 కోర్లుంటే, 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 కోర్లే ఉన్నాయి, మెమరీకి సమాచారం వెళ్లే దారి (బస్సు) వెడల్పు కూడా 128 బిట్ల నుంచి 96 బిట్లకు తగ్గింది. తగ్గింది 2 జీబీ మెమరీ ఒక్కటే అనుకుని కొన్నవాళ్లు ఎందరో. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ పేరు చూస్తే ఆర్‌ఎక్స్ 6600కు తమ్ముడిలా వినిపిస్తుంది. కానీ దానికి ఉన్నది 4 జీబీ మెమరీ, మదర్‌బోర్డుతో సమాచారం పంచుకునే పీసీఐ లేన్లు (దారులు) నాలుగంటే నాలుగు, పైగా వీడియో రికార్డింగుకు కావలసిన ఎన్‌కోడరే లేదు. పాత పీసీఐ 3.0 బోర్డులో పెడితే ఇంకా నీరసిస్తుంది. సరిగ్గా పాత బోర్డు ఉన్నవాళ్లే చవగ్గా వస్తోందని దాన్ని కొంటారు. చవక కార్డులు కొనేవాళ్లు మోడల్ చివరి అక్షరం దాకా చదవరని తెలిసే ఈ పేర్లు పెడుతున్నారని నా అభిప్రాయం, దాన్ని మార్చుకోవడానికి ఈ కంపెనీలు నాకు ఇంతవరకు కారణం చూపలేదు.

ఇక ఎస్ఎంపిఎస్, అంటే గోడ కరెంటును పీసీ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె. కొటేషన్‌లో అన్నిటికంటే అడుగున, అన్నిటికంటే తక్కువ ధరకు ఉండేది ఇదే. చాలాసార్లు క్యాబినెట్‌తో పాటు ఉచితం అంటారు. మా అపార్ట్‌మెంటులో ఒక కుర్రాడు ఆర్‌ఎక్స్ 6600, రైజెన్ 5 5600 పెట్టించుకున్నాడు. ఎంపిక చక్కగా ఉంది. “అన్నా, గేమ్ మొదలైన కాసేపటికే ఆగిపోయి మళ్లీ స్టార్ట్ అవుతోంది. దుకాణంలో వైరస్ అంటున్నారు” అని వచ్చాడు. డబ్బు తీసుకుని ఫార్మాట్ కూడా చేసి పంపారట. పక్క పలక విప్పి ఎస్ఎంపిఎస్ మీది స్టిక్కరు చూశాం. పెద్ద అక్షరాలతో 450 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి దగ్గర 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కరెంటు తీసుకునేది ప్రధానంగా ఆ 12 వోల్టుల లైను నుంచే. కార్డు ఒక్కటే 132 వాట్ల దాకా లాగుతుంది, ప్రాసెసర్ నిండు పనిలో 76 వాట్ల దాకా. మిగతావి లెక్కపెట్టకముందే 208 అయింది. పైగా ఆ కార్డుకు ఎనిమిది పిన్నుల కనెక్టరు కావాలి, ఎస్ఎంపిఎస్‌కు అది లేదు. హార్డ్ డిస్కుల కోసం ఉండే పాత నాలుగు పిన్నుల ప్లగ్గులు రెండింటికి అడాప్టరు తగిలించి నెట్టుకొచ్చారు. ఒక ప్లగ్గు అంచు అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. పేరున్న 550 వాట్ల ఎస్ఎంపిఎస్ పెట్టగానే ఆ ‘వైరస్’ పోయింది. ఇంకొన్ని వారాలు అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కార్డు మాడిపోతే వారంటీ వస్తుందో రాదో, అది తర్వాతి మాట. ఆ పిల్లవాడు రాత్రంతా దాని పక్కనే పడుకుంటాడు.

కాబట్టి ఎస్ఎంపిఎస్ కొనేటప్పుడు వాట్లు అడగకండి, 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. సరైన 450 వాట్ల దానికి అక్కడ 35కు అటూఇటూ ఉంటుంది. 80 ప్లస్ ముద్ర మంచిదే కానీ అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర మాత్రమే. షార్ట్ సర్క్యూట్ నుంచి, ఓవర్‌లోడ్ నుంచి కాపాడుతుందా అన్నది వేరే ప్రశ్న, అది కంపెనీ వివరాల్లో వెతకాలి. కరెంటు తరచూ పోయే ఊళ్లలో యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తాయి. ఇలాంటి మధ్యతరహా పీసీకి, మానిటర్‌తో కలిపి, గేమ్ సేవ్ చేసుకుని ఆపేసే వ్యవధి దానితో దొరుకుతుంది. అంతకు మించి ఆశించకూడదు.

‘అరవై వేలలో ఏ ప్రాసెసర్ తీసుకోవాలి’ అని అడిగేవాళ్లే ఎక్కువ. నేను అక్కడ మొదలుపెట్టను. ఏ గేములు ఆడతావు, ఏ మానిటర్ మీద ఆడతావు, ఈ రెండూ తేలితే తప్ప ప్రాసెసర్ సంగతి ఎత్తను. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివే ఆడేవాడికి ప్రాసెసర్ బలం కావాలి, కార్డు ఒక మోస్తరుదైనా సాగుతుంది. పెద్ద కథల గేములు ఆడేవాడికి లెక్క తిరగబడుతుంది, డబ్బు కార్డులోకి పోవాలి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా గీసే పద్ధతి) హార్డ్‌వేర్ లేని కార్డులో నడవదు. దానికి కనీస అర్హతగా చెప్పిన కార్డుల్లో ఆర్‌ఎక్స్ 6600 ఉంది. కొత్త గేములు ఆడాలనుకునేవాడు, ఆ హార్డ్‌వేర్ లేని జీటీఎక్స్ 1660 సూపర్ చవగ్గా వస్తోందని పరుగెత్తకూడదు అనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు. మానిటర్ విషయంలో 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారడం) గానీ ఆపైన గానీ ఉన్నది చాలు. కొన్నాక విండోస్ సెట్టింగుల్లోకి వెళ్లి 144 ఎంచుకోండి. ఎవరూ మార్చకపోవడం వల్ల 60 దగ్గరే నడుస్తున్న మానిటర్లు లెక్కలేనన్ని. కేబులు మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించారా అన్నదీ వెనక్కి తిప్పి చూడండి.

పెద్ద గేములే లక్ష్యమైతే, మానిటర్ తీసేసి మిగిలిన బడ్జెట్‌లో నలభై శాతం దాకా కార్డుకే పెట్టమంటాను. ప్రాసెసర్‌కు రైజెన్ 5 5600 గానీ ఐ5-12400ఎఫ్ గానీ ఈ స్థాయి కార్డులకు ధారాళంగా సరిపోతాయి. రెండింటిలోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండింటితోనూ పెట్టెలో కూలర్ వస్తుంది. లిక్విడ్ కూలర్ అంటూ వేలు గుంజాలని చూస్తే మర్యాదగా వద్దనండి. ఓవర్‌క్లాక్ చేయలేని (నిర్ణీత వేగాన్ని పెంచుకోలేని) ప్రాసెసర్‌కు, ఆ పని కోసం ఉండే జెడ్ సిరీస్ బోర్డు అంటగడితే అదీ వద్దనండి. పాత బి450 బోర్డు మీద 5600 పెడుతుంటే బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మని మాత్రం ముందే చెప్పాలి.

ర్యామ్ దగ్గర ఇప్పుడు నిజంగా కష్టంగా ఉంది. 2025 చివరి నుంచి ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ సర్వర్లకు మెమరీ అమ్మితే వచ్చే లాభం ముందు మనలాంటి కొనుగోలుదారులు ఎవరికీ ఆనడం లేదు. 2025 డిసెంబరులో మెమరీ తయారుచేసే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో ఏళ్లుగా సాగిస్తున్న అమ్మకాలను ఆపేస్తున్నట్లు ప్రకటించింది. తక్కువ ధరలో నమ్మకంగా దొరికే ర్యామ్ అని ఎంతోమందికి చెప్పిన పేరు అది, ఆ వార్త చదివి బాధపడ్డాను. ఈ పరిస్థితిలో ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే పారేయకండి, ఎవరికీ చవగ్గా ఇచ్చేయకండి. కొత్త రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. ముందుముందు ప్రాసెసర్ మార్చుకునే వీలుంటుంది కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్లకు అవే మంచివి. బడ్జెట్ బిగుతుగా ఉంటే ఇప్పటికి డీడీఆర్4 తీసుకునే పాత ఏఎం4 బోర్డు మీద కట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. 16 జీబీ కావాలంటే ఒకే స్టిక్కు కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి, మెమరీ రెండు చానళ్లలో, అంటే రెండు దారుల్లో, వేగంగా నడుస్తుంది. కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేక 5600జీ లాంటి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే సరిపెట్టుకునేవాళ్లకు ఇది ప్రాణం లాంటిది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే ఎక్స్ఎంపీ సెట్టింగును బయోస్‌లో పెట్టించుకోవడం మరవద్దు. లేకపోతే 3200 అని డబ్బు కట్టిన ర్యామ్ చాలావరకు 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది.

గేములు, ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ గురించి ఒక్క మాట. మామూలు ఎన్‌వీఎంఈ రకం చాలు, వేగం అంకెల మోజులో పడకుండా 1 టీబీ తీసుకోండి. ఒక్కో గేమే వంద జీబీ దాటుతోంది.

క్యాబినెట్ మీద మాత్రం నాకు గట్టి పట్టుదల ఉంది. ముందు భాగమంతా గాజుతో మూసేసి, లోపల ఆరు లైట్ల ఫ్యాన్లు తిరిగే పెట్టెలు షోరూములో కళ్లకు ఇంపుగా ఉంటాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో, ఏసీ లేని గదిలో, బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ గాజు వెనక ఫ్యాన్లు పీల్చుకోవడానికి గాలి ఎక్కడిది? గది వేడి ఎంత పెరిగితే లోపలి భాగాల వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. ముందు జాలీ, దానికి కడుక్కునే డస్ట్ ఫిల్టరు, రెండు మూడు మామూలు ఫ్యాన్లు. మన వాతావరణానికి కావలసింది ఇది. లైట్లకు పోయే మూడు నాలుగు వేలు మంచి ఎస్ఎంపిఎస్‌కు సరిపోతాయి.

దుకాణదారులందరూ మోసగాళ్లని నేను అనను. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ, బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ ఓపికగా వివరించి, అవసరం లేనిది అవసరం లేదని చెప్పే మనుషులు ఉన్నారు. వాళ్ల లాభాలు ఎంత సన్నగా ఉంటాయో కూడా తెలుసు. అలాంటి దుకాణం దొరికితే ఆన్‌లైన్ కంటే వెయ్యి ఎక్కువైనా అక్కడే కొనండి, ఏదైనా పాడైతే సర్వీస్ సెంటరు చుట్టూ తిరిగే బాధ సగం తగ్గుతుంది. అయితే ‘బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది’ అన్న మాటకు మాత్రం ఎంత మంచివాళ్లు చెప్పినా తల ఊపకండి. మూడేళ్ల వారంటీ ఉన్న కార్డు రెండో ఏడాది పోయినప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే, దాని మీద సీరియల్ నంబరు కూడా ఉండాలి. పాత కార్డు కొంటుంటే ఇది ఇంకా ముఖ్యం. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించడం (మైనింగ్) ఆగిపోయాక రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. వాటిలో బాగున్నవీ ఉన్నాయి, కానీ మీ కళ్ల ముందు అరగంటైనా లోడు పెట్టి నడపనిదే తీసుకోవద్దు.

కొటేషన్ కాగితం మీద ‘ఐ5, 8 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్, 500 వాట్లు’ అని రాసి ఇస్తే వెనక్కి ఇచ్చేయండి. ప్రాసెసర్ చివరి అక్షరంతో సహా, కార్డు ఏ కంపెనీది, మెమరీ ఎంత, ర్యామ్ స్టిక్కులు ఎన్ని, ఏ వేగం, ఎస్ఎంపిఎస్ ఏ మోడల్, అన్నీ రాసి ఇమ్మనండి. రాయడానికి విసుక్కుంటే పక్క దుకాణానికి నడవండి. సిద్ధమయ్యాక అక్కడే ఆన్ చేయించి, సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములు తెరిచి, తెరమీది ప్రతి పేరునూ ఆ కాగితంతో పోల్చి చూసుకోండి. ఎస్ఎంపిఎస్ ఈ ప్రోగ్రాముల్లో కనిపించదు. దానికి మాత్రం పలక విప్పించి స్టిక్కరే చదవాలి.